లెక్క ఎక్కడ తప్పిందో ముందు చూద్దాం

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే మన నెల్లూరు జిల్లా పేజీల్లో లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు వేస్తారు. చూసి సంతోషిస్తాం, మా పిల్లలకి కూడా చూపిస్తాం. అయితే ఆ పేజీలో ఎప్పుడూ కనిపించని పిల్లలు ఇంటికొకరు ఉన్నారు. ఆరో తరగతికో ఏడో తరగతికో వచ్చేసరికి లెక్కల పీరియడ్ అంటే కడుపులో నొప్పి అని చెప్పే పిల్లలు. నేను రాస్తున్నది వాళ్ళ గురించి. ఉత్తరం కొంచెం పొడుగైంది. ఈ విషయం రెండు ముక్కల్లో చెబితే సరిగ్గా అందదు, అందుకే పూర్తిగా రాశాను.

నాది బుచ్చిరెడ్డిపాళెం. ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ షాపు. జాకెట్లు, చుడీదార్లు కుడతాను, చీరలకి ఫాల్ వేస్తాను. ఇంటర్ దాకా చదివాను. మా ఆయన కౌలుకి వరి పండిస్తారు. మా పాప ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి.

ఐదో తరగతి దాకా పాప లెక్కల్లో బాగానే ఉన్నట్టు కనిపించింది. పరీక్షకి ముందు నోటుబుక్కులో ఉన్న లెక్కల్ని అంకెలతో సహా బట్టీపట్టేది. పరీక్షలో వచ్చేవీ దాదాపు అవే కాబట్టి గ్రేడు మంచిదే వచ్చేది. ఆరో తరగతిలో భిన్నాలు, దశాంశాలు, రుణసంఖ్యలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి. మార్కులు దిగిపోయాయి. మార్కుల కంటే మమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెట్టింది బిడ్డ మారిన తీరు. మిగతా హోంవర్కులన్నీ అయ్యాక, నిద్ర ముంచుకొచ్చే వేళకి లెక్కల పుస్తకం తీసేది. తీసి పెన్సిల్ చెక్కుతూ కూర్చునేది. గట్టిగా అడిగితే కళ్ళనీళ్ళు. "నాకు లెక్కలు రావమ్మా" అనే మాట రోజూ వినాల్సి వచ్చేది.

బంధువుల్లో అందరూ ఒకే సలహా ఇచ్చారు. "ఇప్పటి నుంచే ఎందుకు బాధపెడతావు, ఆడపిల్లే కదా, ఇంటర్‌లో బైపీసీలో చేర్పిస్తే లెక్కల బాధే ఉండదు." పదకొండేళ్ళ బిడ్డకి ఇంటర్ గ్రూపు నిర్ణయించేశారు! బైపీసీ ఇష్టమై చదివితే అంతకంటే ఏం కావాలి. కానీ లెక్కలకి భయపడి పారిపోయిన పిల్లకి ఫిజిక్స్ వదిలిపెడుతుందా, కెమిస్ట్రీ వదిలిపెడుతుందా? ఈ మాట అనే పెద్దవాళ్ళందరినీ నేను చేతులెత్తి వేడుకుంటున్నాను, పిల్లల ముందు అనకండి. "మన ఇంట్లో ఎవరికీ లెక్కలు రావు" అనే మాట కూడా అట్లాంటిదే. ఒకసారి విన్న బిడ్డ ఇంక ప్రయత్నం మానేయడానికి అదొక్కటి చాలు.

అందరిలాగే ట్యూషన్ పెట్టించాం. 2025లో తల్లికి వందనం అనే ప్రభుత్వ పథకం కింద నా ఖాతాలో పడిన 13 వేల రూపాయల్లో ఎక్కువ భాగం దానికే పోయింది. అక్కడ ఒకే గదిలో నాలుగైదు తరగతుల పిల్లలు. స్కూల్లో ఆ వారం ఏ పాఠం నడుస్తుంటే ఆ పాఠాన్నే మళ్ళీ బోర్డు మీద చేసి, దించుకోమనేవాళ్ళు. నోటుబుక్కు నిండా టిక్కులే. పరీక్ష పేపర్లో మాత్రం అవే లెక్కలు అంకెలు మారితే చాలు, తప్పు. చెప్పేవాళ్ళు కష్టపడలేదని నేను అనను. ఏ బిడ్డకి ఎక్కడ ఆగిపోయిందో చూసే తీరిక ఆ గదిలో ఎవరికీ లేదు, అంతే.

మా అక్క కూతురు పల్లిపాడు డైట్‌లో, అంటే టీచర్ల శిక్షణ కాలేజీలో, డీఎడ్ చదువుతోంది. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు పాపని కూర్చోబెట్టుకుని కొన్ని లెక్కలు ఇచ్చింది. ఆరో తరగతివి కాదు, మూడు, నాలుగు తరగతులవి. తప్పు చేసినప్పుడు "తప్పు" అనలేదు. "ఇది ఎట్ట చేశావో నాకు చెప్పు" అని మాత్రం అడిగింది. పాప చెబుతుంటే పక్కన కాగితం మీద రాసుకుంది. ఆ కాగితంలో ఉన్నది నేను ఇక్కడ ఉన్నదున్నట్టు పెడుతున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మొదటిది 503 లోంచి 278 తీసివేత. పాప వేసిన జవాబు 375. ఎట్టా? "ఎనిమిదిలో మూడు పోతే ఐదు, ఏడులో సున్నా పోతే ఏడు, ఐదులో రెండు పోతే మూడు." అంటే పైన ఉన్నదా, కింద ఉన్నదా అని చూడకుండా ప్రతి చోటా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోంది. సున్నా దగ్గర అప్పు తీసుకోవడం మూడో తరగతిలో సరిగ్గా అర్థం కాలేదు. అర్థం కాని చోట తనకి తానే ఒక పద్ధతి కల్పించుకుంది. ఆ పద్ధతిని ఇన్నేళ్ళూ ఎంతో బుద్ధిగా పాటించింది.

రెండోది 618ని 6తో భాగించడం. జవాబు 13 వేసింది. ఆరులో ఆరు ఒకసారి, ఒకటిలో ఆరు పోదు, ఎనిమిది దించితే పద్దెనిమిది, ఆరు మూళ్ళు. పద్ధతి అంతా సరిగానే ఉంది, ఒకటిలో ఆరు పోనప్పుడు పైన పెట్టాల్సిన సున్నా ఒక్కటి పెట్టలేదు. 103 రావాల్సింది 13 అయింది. ఆరొందల పైచిలుకు డబ్బు ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి పదమూడు రూపాయలే వస్తాయా అని పాపకి అనుమానం రాలేదు. ఎందుకు రాలేదంటే నోటుబుక్కులో ఉన్న అంకెలు డబ్బు అని, మనుషులు అని తనకి ఎప్పుడూ అనిపించలేదు.

మూడోది అర, పావు కలపడం. పుస్తకంలో రాసినట్టు 1/2 + 1/4. జవాబు 2/6. పైవి రెండూ కూడింది, కిందవి రెండూ కూడింది.

ఈ మూడోది చూసినప్పుడు నా మనసు ఆగలేదు. ఎందుకంటే ఇదే పిల్ల సెలవురోజుల్లో నా షాపులో టేపు పట్టుకుని కొలతలు చెబుతుంది. జాకెట్ కింద పట్టీకి అర అంగుళం, కుట్టుకి పావు అంగుళం వదలాలంటే, "మా, ముప్పావు దగ్గర గీయనా?" అని తనే అడుగుతుంది. ఛాతీ కొలత 34 అంగుళాలైతే గుడ్డని నాలుగు మడతలు వేసి ఎనిమిదిన్నర దగ్గర గీత పెట్టి, కుట్టుకి, లూజుకి ఒకటిన్నర కలిపితే పది అని నోటితో చెప్పేస్తుంది. టేపు మీద అర, పావు కలిస్తే ముప్పావు అని తెలిసిన బిడ్డే నోటుబుక్కులో 2/6 వేస్తోంది. 2/6 అంటే మూడో వంతు. అరకి ఇంకొంచెం కలిపితే అర కంటే తక్కువ ఎట్లా అవుతుంది? ఆ ప్రశ్న టేపు చేతిలో ఉంటే పాప అడిగేది. పెన్సిల్ చేతిలో ఉంటే అడగడం లేదు.

ఇది మా పాపకి ఒక్కదానికే ఉన్న సంగతి అనుకున్నాను. కాదని మా అక్క కూతురు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 2019లో నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వాళ్ళతో పాటు ఇంకొందరు చేశారు. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో సరుకులు అమ్మే పిల్లలు ధరలు, తూకాలు, చిల్లర నోటితో గబగబా లెక్కగట్టి సరిగ్గా చెబుతున్నారు. అదే లెక్క స్కూలు పద్ధతిలో అడిగితే చేయలేకపోతున్నారు. అమ్మే పని చేయకుండా బడికి మాత్రమే వెళ్ళే పిల్లలది దీనికి తిరగబడిన కథ. పుస్తకం లెక్క చేస్తారు, బేరం దగ్గర నిలబెడితే తడబడతారు. ఇంకా ముందు, 1985లో, బ్రెజిల్ దేశంలో వీధుల్లో అమ్ముకునే పిల్లల మీద చేసిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. అందులో ఒక పన్నెండేళ్ళ పిల్లవాడిని ఒక కొబ్బరికాయ 35 అయితే పది కాయలు ఎంత అని అడిగారు. పక్కన సున్నా పెట్టేస్తే అయిపోయే లెక్క. వాడు మూడు కాయలకి 105 అని, ఇంకో మూడు కలిపి 210 అని, ఇంకో మూడుకి 315 అని, చివరికి ఒకటి కలిపి 350 అని చెప్పాడు. తెలివి లేని పిల్లవాడు అట్లా చెప్పగలడా? బుర్ర ఉంది, లెక్క ఉంది. ఆ లెక్కకీ బడిలో పుస్తకానికీ మధ్య దారి లేదు.

మా మామగారిని చూసినా ఇదే అనిపిస్తుంది. ఆయన చదివింది తక్కువ. మన జిల్లాలో ధాన్యం పుట్టి లెక్కన కదా అమ్ముతాం, పుట్టికి 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర చెప్పేది క్వింటాలుకి. 2025-26లో ఏ గ్రేడ్ ధాన్యానికి క్వింటాలుకి 2,389 రూపాయలు. పుట్టికి ఎంత పడాలి? మా ఇంట్లో ఈ లెక్క ఒకసారి పోటీగా పెట్టాం. పాప 8.5 అని రాసుకుని 2,389తో గుణించడం మొదలుపెట్టి దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయింది. మామగారు మంచం మీద కూర్చునే, "ఎనిమిది క్వింటాళ్ళకి 19,112. అర క్వింటాలుకి పదకొండొందల తొంభై నాలుగున్నర. మొత్తం 20,306 రూపాయల యాభై పైసలు" అన్నారు. పాప ఫోన్‌లో చూసి నోరు తెరిచింది. తర్వాత తాత చేసిన లెక్కనే నోటుబుక్కులో అడ్డంగా రాయించాం. 2,389 × 8.5 అంటే 2,389 × 8, దానికి 2,389లో సగం కలపడం. దశాంశాలంటే ఏమిటో ఆ పూట అర్థమైంది పాపకి. కాటా దగ్గర 850 బదులు 870 తూకం పట్టుకుంటే పుట్టికి మనం పోగొట్టుకునేది 477 రూపాయల 80 పైసలు అనే లెక్క మాత్రం ఎవరూ చెప్పకుండా తనే చేసింది, కోపంగా!

ఇక ఇంట్లో ఏం చేశామో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందని.

ట్యూషన్ మానిపించాం. సాయంత్రం అన్నం తినకముందు కాసేపు, విసుగు రాకముందే ఆపేసేట్టు. మొదట తీసివేతలు. చీపురు పుల్లలు పది పది కట్టలు కట్టి, పది కట్టల్ని మళ్ళీ ఒక పెద్ద కట్టగా కట్టాం. 503 అంటే ఐదు పెద్ద కట్టలు, చిన్న కట్టలు లేవు, మూడు విడి పుల్లలు. అందులోంచి ఎనిమిది విడి పుల్లలు ఇవ్వమంటే పాప తనే ఒక పెద్ద కట్ట విప్పింది. విప్పితే పది చిన్న కట్టలు. వాటిలో ఒకటి విప్పితే పది పుల్లలు. ఇప్పుడు చేతిలో నాలుగు పెద్ద కట్టలు, తొమ్మిది చిన్నవి, పదమూడు పుల్లలు. సున్నా మీద తొమ్మిది ఎందుకు వేస్తారో ఇన్నేళ్ళకి తెలిసింది. "సారు సున్నా కొట్టేసి తొమ్మిది వేయమన్నారు, ఎందుకో నాకు తెలీదు" అంది. పుల్లలు కొన్నాళ్ళే. తర్వాత వంద నోట్లు, పది నోట్లు, రూపాయి బిళ్ళలు. ఆ తర్వాత ఊరికే కాగితం మీద బొమ్మ. చివరికి అంకెలే. ఈ వరసలో ఏదీ దాటవేయకూడదని మా అక్క కూతురు గట్టిగా చెప్పింది, అది నిజమని మాకు తెలిసింది. పుల్లల దగ్గరే ఉండిపోయినా పని జరగదు, తిన్నగా అంకెలకి దూకినా జరగదు.

భాగహారం నోట్లతోనే నేర్పాం. ఆరు వంద నోట్లు, ఒక పది నోటు, ఎనిమిది బిళ్ళలు ఆరుగురికి పంచాలి. ఒక్కొక్కరికి ఒక వంద. పది నోటు ఒకటే, ఆరుగురికి ఇవ్వలేం కాబట్టి పదుల చోట సున్నా. దాన్ని చిల్లర మార్చి ఉన్న ఎనిమిదికి కలిపితే పద్దెనిమిది బిళ్ళలు, తలా మూడు. 103. దీనితో పాటు ఒక అలవాటు పెట్టాం. లెక్క మొదలుపెట్టకముందు జవాబు ఎంత చుట్టూ ఉండాలో నోటితో చెప్పాలి. ఆరొందలు ఆరుగురికి పంచితే వంద కదా, కాబట్టి వంద చుట్టూ. తర్వాత 13 వచ్చినా 1003 వచ్చినా తనకే అనుమానం వస్తుంది. నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఈ అలవాటే. డబ్బు ఖర్చు లేదు, పుస్తకం అక్కర్లేదు.

ఎక్కాల గురించి ఒక మాట. ఎక్కాలు నోటికి రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఏడు ఎనిమిదులు ఎంతో వేళ్ళు లెక్కబెట్టుకునే బిడ్డ భాగహారం మధ్యలో దారి తప్పుతుంది. కానీ మా పాపకి ఏడో ఎక్కం మొదటి నుంచి పాడితేనే వచ్చేది, మధ్యలో అడిగితే రాదు. అందుకని దగ్గర దారులు చూపించాం. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది తెలిస్తే, ఏడు ఎనిమిదులు దానికి రెట్టింపు, యాభై ఆరు. తొమ్మిదో ఎక్కం పదో ఎక్కంలోంచి ఒకటి తగ్గించడమే, ఏడు తొమ్ముదులు అంటే డెబ్బైలోంచి ఏడు. జాకెట్లకి హుక్కులు కుట్టేటప్పుడు ఇవే అడుగుతుంటాను. అడిగి వెంటనే నేను చెప్పేయను. కాసేపు ఆగుతాను. పెద్దవాళ్ళకి కష్టమైన పని ఈ ఆగడమే.

భిన్నాలకి టేపు ఉండనే ఉంది. అరలో రెండు పావులు ఉన్నాయి కాబట్టి 1/2 ని 2/4 అని రాయొచ్చు, అప్పుడు 2/4 + 1/4 = 3/4. పాప మొదటిసారి "ఓ, ఇది ముప్పావే కదా" అంది. టేపు మీద మూడో వంతులు ఉండవు, అందుకని 1/2 + 1/3 కి కాగితం ఆరు మడతలు వేయించాను. కింద అంకెలు ఒకేలా ఎందుకు చేయాలో చేత్తో చూశాక క.సా.గు (కనిష్ఠ సామాన్య గుణిజం) అంటే భయం తగ్గింది. మాటల్లో ఇచ్చే లెక్కలకి ఇంకో చిన్న ఉపాయం కూడా చెప్పాలి. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో ఉంటే ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. చాలామంది పిల్లలు తెలుగు పేజీ వైపు చూడరు. ముందు తెలుగులో చదివి, లెక్క ఏం అడుగుతోందో సొంత మాటల్లో చెప్పి, ఆ తర్వాత ఇంగ్లీషులో చేయమంటాం. సగం తప్పులు ప్రశ్న సరిగ్గా చదవకపోవడం వల్లే వస్తున్నాయని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు పాప క్లాసు ఫస్టేమీ కాదు. రుణసంఖ్యల దగ్గర ఇంకా తడబడుతుంది, మైనస్ మూడు పెద్దదా మైనస్ ఎనిమిది పెద్దదా అంటే ఆలోచించి చెబుతుంది. అయితే లెక్కల పుస్తకం చివరికి నెట్టడం మానేసింది. తప్పు వస్తే ఎక్కడ వచ్చిందో వెతుకుతోంది. నాకు అది చాలా పెద్ద సంగతి.

ఇదంతా ఒక ఇంటి విషయమైతే మీకు రాసేదాన్ని కాదు. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు, లెక్కలు చూసి అసర్ అనే నివేదిక ఇస్తోంది. 2024 నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు 30.7 శాతం. మూడో తరగతిలో అప్పు తీసుకుని చేసే రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్ళు 33.7 శాతం. ఎనిమిదో తరగతికి వచ్చినా ఆ భాగహారం చేయగలిగేవాళ్ళు సగం కంటే తక్కువే. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డకీ చదవడం, రాయడం, లెక్కలు వచ్చి తీరాలని కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది, గడువు 2026-27. మంచి ఆలోచనే. కానీ ఇప్పటికే మూడో తరగతి దాటిపోయి ఆరు, ఏడు, ఎనిమిదిలో కూర్చున్న పిల్లల సంగతేమిటి? వాళ్ళకి రాని భాగహారం మీద రోజూ బీజగణితం పేరుస్తున్నాం. లోపలి కుట్టు ఊడిన జాకెట్‌కి పైన ఎంత ఇస్త్రీ చేసినా వేసుకోగానే విడిపోతుంది.

పాప లెక్కల సారుతో మాట్లాడాను. మంచివారు, ఓపికగా విన్నారు. "అమ్మా, మీరు చెప్పింది నాకు తెలుసు. క్లాసులో సగం మందికి ఇదే ఇబ్బంది. నేను నాలుగో తరగతి లెక్కలు చెబుతూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అందుకే నేను అడిగేది టీచర్లని కాదు, వాళ్ళకి సిలబస్ లెక్కగట్టే పై అధికారులని. హైస్కూల్లో చేరిన ఆరో తరగతి పిల్లలకి మొదటి రెండు నెలలు రోజుకొక పీరియడ్ పక్కన పెట్టండి. ఆ పీరియడ్‌లో తరగతి చూడకండి. తీసివేత రాని వాళ్ళందరూ ఒక చోట, భాగహారం రాని వాళ్ళు ఒక చోట, భిన్నాలు రాని వాళ్ళు ఒక చోట. ప్రథమ్ వాళ్ళు ప్రాథమిక తరగతుల్లో చేసి చూపించిన పద్ధతే ఇది, వచ్చిన చోట నుంచి నేర్పడం. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఎన్నో ఏళ్ళు పరిశీలించి పనికొస్తుందని చెప్పింది కూడా దీన్నే. కొత్త భవనాలు అక్కర్లేదు, ట్యాబులు అక్కర్లేదు. సిలబస్ రెండు నెలలు ఆలస్యమైతే టీచరుకి నోటీసు రాదనే భరోసా మాత్రం కావాలి.

ఇంకొకటి తల్లిదండ్రుల సమావేశాల గురించి. 2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జులై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. ముగ్గులు వేశారు, భోజనాలు పెట్టారు, పిల్లల ప్రోగ్రెస్ కార్డులు చేతికిచ్చారు. అన్నీ బాగున్నాయి. నాదొక్క విన్నపం. ఆ రోజు కార్డుతో పాటు బిడ్డ తప్పు చేసిన లెక్కల కాగితం ఒకటి తల్లి చేతిలో పెట్టండి. చదువు రాని తల్లికైనా పక్కన కూర్చోబెట్టి "మీ బిడ్డకి ఇక్కడ ఆగింది" అని వేలితో చూపించండి. సి గ్రేడు అంటే మాకేం తెలుస్తుంది? సున్నా దగ్గర అప్పు తీసుకోవడం రావడం లేదంటే తెలుస్తుంది, ఇంట్లో నోట్లతో నేర్పుకుంటాం. ఆ సమావేశాలకి తండ్రులు కూడా రావాలి. ధాన్యం బేరం దగ్గర పైసాతో సహా లెక్క చెప్పే తండ్రి బిడ్డ నోటుబుక్కు చూడగానే "నాకేం తెలుసు, మీ అమ్మనడుగు" అనడం మన ఊళ్ళల్లో చాలా చూస్తాం. ఆ బేరం లెక్కే బిడ్డకి కావాల్సింది.

సంపాదకులు గారూ, మీ పత్రికలో వారానికొకసారి పిల్లల పేజీ వేస్తారు. అందులో పజిల్స్, బొమ్మలు ఉంటాయి. వాటి పక్కన మన జిల్లా లెక్క ఒక్కటి వేయండి. పుట్టి ధాన్యం, రొయ్యల కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయో), టేపు కొలత, బస్సు టైము, ఏదైనా సరే. జవాబుతో పాటు పిల్లలు సాధారణంగా చేసే తప్పు, ఆ తప్పు ఎందుకు వస్తుందో కూడా రెండు ముక్కలు రాయండి. ఊళ్ళల్లో డైట్‌లో చదివే పిల్లలున్నారు, రిటైరైన లెక్కల మాస్టర్లున్నారు, అడిగితే సంతోషంగా రాసిస్తారు.

మొదటి వారానికి పనికొస్తాయని మా అక్క కూతురు ఇచ్చినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఏ తల్లయినా తండ్రయినా ఇంట్లో ఐదు, ఆరు, ఏడు తరగతుల బిడ్డకి ఇచ్చి చూడొచ్చు. జవాబు తప్పయితే కోప్పడకుండా, ఎట్లా చేశావో చెప్పమని అడగండి.

400 లోంచి 156 తీసివేయాలి. జవాబు 244. బిడ్డ 356 అంటే పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తోంది, కట్టలు విప్పడం దగ్గర మొదలుపెట్టండి.

824ని 4తో భాగించాలి. జవాబు 206. 26 అంటే సున్నా వదిలేస్తోంది, నోట్లు పంచి చూపించండి.

0.5, 0.25 లో ఏది పెద్దది? 0.25 అంటే ఇరవై ఐదు ఐదు కంటే పెద్దదనుకుంటోంది. యాభై పైసలు, పాతిక పైసలు అని చెప్పి చూడండి.

నెల్లూరులో ఉదయం 9:40కి బస్సెక్కి కావలిలో 11:15కి దిగితే ప్రయాణం ఎంతసేపు? గంటా ముప్పై ఐదు నిమిషాలు. గంటా డెబ్బై ఐదు నిమిషాలు అంటే గంటకి వంద నిమిషాలు లెక్కవేసింది. గడియారం చేతికిచ్చి 9:40 నుంచి పదింటి దాకా ఎంత, అక్కడి నుంచి 11:15 దాకా ఎంత అని అడగండి.

ఇట్లు,
ఒక టైలరు,
బుచ్చిరెడ్డిపాళెం,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.